కార్యదర్శి కుర్చీ ఒక్కటి, దరఖాస్తులు రెండు

గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘంలో ఉద్యోగపు మెట్లు చాలా తక్కువ. హెల్పరు, టెస్టరు, కార్యదర్శి. కొంచెం పెద్ద సంఘమైతే ఒక గుమాస్తా, బల్క్ కూలరు ఉన్న చోట దానిని చూసుకునే ఆపరేటరు. అంతటితో సరి. ప్రభుత్వ కార్యాలయాలలో వలె జూనియరు, సీనియరు, సూపరింటెండెంటు అనే వరుస ఇక్కడ లేదు. ముప్పయ్యో ఏట కార్యదర్శిగా కుదిరిన వ్యక్తి సరిగా పనిచేస్తే పాతిక ముప్పయ్యేళ్ళు ఆ కుర్చీలోనే ఉంటాడు. కాబట్టి ఆ కుర్చీ ఖాళీ కావడం ఊళ్ళో తరానికి ఒకసారి జరిగే పని. ఆ ఒక్కసారీ తనకు రాలేదంటే కింద పనిచేసే మనిషికి మళ్ళీ అవకాశం చాలావరకు ఉండదు.

పాలకవర్గాలు ఈ సంగతిని తేలికగా తీసుకుంటున్నవని మా అభిప్రాయం. సభ్యులేమో "అది ఉద్యోగస్తుల గొడవ, పాలు పోసేవాళ్ళం మనకెందుకు?" అని ఊరుకుంటున్నారు. ఆ గొడవ సభ్యుని పాల బిల్లులోకి ఏ దారిన వచ్చి చేరుతుందో మేము ఒక సంఘంలో చూచాము. ఆ సంఘం పేరు ఇక్కడ అనవసరం. జరిగిన విషయం మాత్రం అందరూ తెలుసుకోదగ్గది.

అది గేదె పాల సంఘం. పూటకు సుమారు 500 కిలోల పాలు వస్తాయి. పాత కార్యదర్శి వయసు మీరి తప్పుకున్నాడు. ఆ పోస్టుకు ఇద్దరు ఆశపడ్డారు. ఒకరు పదకొండేళ్ళుగా పనిచేస్తున్న టెస్టరు. చేతి నైపుణ్యం ఉన్నవాడు. అతని టెస్టుకూ డెయిరీ టెస్టుకూ తేడా వచ్చిన రోజులను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. రెండవ వ్యక్తి నాలుగేళ్ళ కిందట చేరిన గుమాస్తా. డిగ్రీ చదివినవాడు, క్యాష్ బుక్కు, ఖాతాలు రాస్తున్నవాడు.

టెస్టరు దరఖాస్తు కాగితం మీద పెట్టలేదు. అధ్యక్షుని ఇంటికి పోయి, "బాబాయ్, నా సంగతి మీకు తెలియందేముంది" అన్నాడు. అధ్యక్షుడు "చూద్దాంలే అబ్బాయ్" అన్నాడు. ఒకరు దానిని వాగ్దానం అనుకున్నారు, మరొకరు మర్యాదకు అన్న మాట అనుకున్నారు. పాలకవర్గం కూర్చున్నది. గుమాస్తాను కార్యదర్శిగా నియమించుటకు తీర్మానించడమైనది అని మినిట్సు బుక్కులో ఒక్క వాక్యం రాసుకున్నది. కారణం రాయలేదు. టెస్టరును పిలిచి చెప్పలేదు. మర్నాడు ఉదయం పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె "ఏం తమ్ముడూ, నీకు రాలేదటగా?" అన్నప్పుడు అతనికి సంగతి తెలిసింది. అప్పటికి బల్ల ముందు నలభై మంది వరుసలో ఉన్నారు.

అతను గొడవ పడలేదు. సెలవు పెట్టలేదు. కిందటి రోజు వలెనే నమూనాలు తీసి టెస్టు చేశాడు. దరిమిలా రెండు నెలలకు మేము తనిఖీకి వెళ్ళేసరికి సంఘం పుస్తకాలలో వెన్న మిగులు కనిపించింది. సభ్యుల వద్ద కొన్న వెన్న కంటే డెయిరీ లెక్కగట్టిన వెన్న పూటపూటకూ ఎక్కువ. కొత్త కార్యదర్శి దానిని తన పనితనం అనుకుని సంతోషంగా ఉన్నాడు. పాలకవర్గం కూడా అట్లాగే అనుకున్నది. లాభం వస్తుంటే కారణం అడిగేవారు తక్కువ.

మేము టెస్టు బల్ల దగ్గర ఒక పూట నిలబడ్డాము. ఆ కేంద్రంలో గెర్బర్ పద్ధతి. 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు పోసి బ్యుటిరోమీటరు బిగించి, సెంట్రిఫ్యూజును నిమిషానికి 1100 చుట్ల వేగంతో 4, 5 నిమిషాలు తిప్పవలెను. తరువాత గొట్టాలను 65 డిగ్రీల వేడినీళ్ళ తొట్టిలో ఉంచి అప్పుడు శాతం చదవవలెను. ఇందులో ఏదీ తెలియనివాడు కాదు ఆ టెస్టరు. కాని తొట్టి నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. సెంట్రిఫ్యూజు రెండు నిమిషాలకే ఆగుతున్నది. పూర్తిగా తిప్పకపోతే వెన్న మొత్తం పైకి విడివడదు. నీళ్ళు చల్లబడితే విడివడిన వెన్న ముడుచుకుంటుంది. రెండు విధాలా శాతం తక్కువే కనిపిస్తుంది. అతను ఎవరి మీదా కసి తీర్చుకోలేదు. ఒక్క పైసా తన జేబులో వేసుకోలేదు. పని మీద శ్రద్ధ పోయింది, అంతే.

ఆ శ్రద్ధ వెల ఎంతో లెక్కవేద్దాం. వెన్న కిలోకు 800 రూపాయలు ఇస్తున్నారనుకుందాం. బ్యుటిరోమీటరు మీద ఒక్క చిన్న గీత, అంటే 0.1 శాతం తక్కువ చదివితే, కిలో పాలకు 1 గ్రాము వెన్న పోతుంది. ఆ గ్రాము ఖరీదు 80 పైసలు. పూటకు 500 కిలోల మీద 400 రూపాయలు. రోజుకు 800. నెలకు 24,000 రూపాయలు. ఇది ఒక్క గీతకు మాత్రమే. ఆ సొమ్ము సంఘంలోనే మిగిలింది కదా, ఏడాది చివర బోనసుగా తిరిగి వస్తుంది కదా అని కొందరు అనవచ్చు. అప్పటిదాకా సభ్యుడు ఆగడు. తన గేదెకు దాణా తగ్గించలేదు, మేత మారలేదు, అయినా వెన్న పడిపోయిందంటే అతను సంఘం మీద అనుమానపడతాడు. ఆ ఊళ్ళో తొమ్మిది ఇళ్ళవారు అప్పటికే ప్రైవేటు పాలవానికి పోయడం మొదలుపెట్టారు.

ఇప్పుడు చాలా కేంద్రాలలో ఎలక్ట్రానిక్ మెషీన్లు వచ్చినవి గనుక మనిషి మనసుతో పనిలేదని అనుకోవద్దు. నమూనా బాగా కలిపి తీయడం, మెషీన్‌ను పూటపూటకూ కడగడం, గెర్బర్ టెస్టుతో సరిచూసి సర్దుబాటు చేయించడం మనిషి చేయవలసిన పనులే. గొట్టంలో పాల జిడ్డు పేరుకున్న మెషీను కూడా తప్పు అంకెనే చూపుతుంది, కాకపోతే ధీమాగా చూపుతుంది.

పాలకవర్గాన్ని కూర్చోబెట్టి అడిగితే అసలు కారణం బయటపడింది. "అతను టెస్టు బల్ల దగ్గర లేకపోతే ఎట్లాగండీ? అంత నమ్మకంగా చూసేవాడు మాకు ఎక్కడ దొరుకుతాడు?" అన్నారు. అంటే బాగా చేసినందువల్లనే అతనిని అక్కడ ఉంచేశారు. ఇది మన సంఘాలలో తరచుగా జరుగుతున్నది. పని బాగా చేసేవాడిని కదిలిస్తే ఆ పని చెడుతుందని భయపడతారు. అతనికి మాత్రం ఆ మాట చెప్పరు. జీతంలో చూపరు. పదకొండేళ్ళ నమ్మకం ఒకవైపు, నెలకు ఒక్క రూపాయి తేడా లేకపోవడం ఇంకొకవైపు ఉంటే, తన మంచి పేరే తనకు అడ్డమైందని అతను అనుకోవడంలో ఆశ్చర్యమేమున్నది?

రెండవ కారణం కూడా ఉన్నది, అది న్యాయమైనదే. కార్యదర్శి పని టెస్టు పని కాదు. క్యాష్ బుక్కు రోజూ ముగింపు చేయాలి. సభ్యుల బిల్లులు వేయాలి, దాణా స్టాకు చూడాలి, బ్యాంకు పనులు చూడాలి, ఆడిటుకు సమాధానం చెప్పాలి. ఈ టెస్టరు పదకొండేళ్ళలో ఒక్కరోజైనా క్యాష్ బుక్కు ముట్టుకోలేదు. ముట్టుకోమని ఎవరూ అనలేదు, తానూ అడగలేదు. మంచి టెస్టరు తప్పక మంచి కార్యదర్శి అవుతాడని మేము అనము. కాని ఆ సంగతి ఐదేళ్ళ ముందే చెప్పి ఉంటే అతను నేర్చుకునేవాడు, లేదా ఆశ వదులుకునేవాడు. రెండూ చేయనివ్వకుండా చివరి రోజున తీర్మానం చేశారు.

దరఖాస్తు పెట్టేవారికి

నోటిమాట దరఖాస్తు కాదు. తెల్ల కాగితం మీద, అధ్యక్షుని పేరిట, తేదీ వేసి ఇచ్చి, ఒక ప్రతి మీద అందినట్లు సంతకం తీసుకోవాలి. మన ఊరివాడే గదా, వరుసకు బాబాయే గదా అని మొహమాటపడవద్దు. కాగితం ఉన్నప్పుడే పాలకవర్గంలోని మిగిలిన సభ్యులకు కూడా మీరు అడిగినట్లు తెలుస్తుంది.

అందులో "నేను ఎంతో విశ్వాసంతో సేవ చేసితిని" అని పేజీ నింపడం కంటే సంఘం రిజిస్టర్లలో ఉన్న అంకెలు రాయడం మేలు. టెస్టరుకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం డెయిరీ నుంచి తిరిగి వచ్చే ట్రక్కు షీటు. కిందటి ఏడాదిలో సంఘం లెక్కించిన వెన్న, డెయిరీ లెక్కించిన వెన్న పక్కపక్కన నెలవారీగా రాస్తే చాలు. తేడా స్వల్పంగా ఉంటే అది మాట్లాడుతుంది. ఎన్ని పూటలు హాజరు, పాలు విరిగి వెనక్కు వచ్చిన సందర్భాలు ఎన్ని, ఆమ్లం, ఆల్కహాలు ఎంత పొదుపుగా వాడారు, సభ్యుల ఫిర్యాదులు ఎన్ని వచ్చి ఎట్లా తీరినవి, ఇవన్నీ రికార్డులో దొరికేవే. పాలకవర్గం వారికి మీరు తెలుసు, మీ అంకెలు తెలియవు. రోజూ కళ్ళ ముందు కనిపించే మనిషి పని ఎవరికీ కనిపించదు.

తనకు రానిది కూడా రాయాలి. "క్యాష్ బుక్కు రాయడం నాకు అలవాటు లేదు, మూడు నెలలలో నేర్చుకోగలను, ఈలోగా పాత కార్యదర్శి గారి వద్ద కూర్చుంటాను" అని రాసిన దరఖాస్తును మేము ఒక్కచోటనే చూచాము. దానిని చదివిన పాలకవర్గానికి ఆ లోటు గురించి వెనుక గుసగుసలాడే అవసరం లేకపోయింది.

పాలకవర్గాలకు

1946లో ఖేడా జిల్లా యూనియన్‌తో మొదలైన ఆనంద్ నమూనాలో ఎన్నికైన పాలకవర్గం విధానం నిర్ణయిస్తుంది, జీతం తీసుకునే సిబ్బంది పని నడుపుతారు. సంఘం 1964 సహకార సంఘాల చట్టం కింద ఉన్నా, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉన్నా, నియామకం సంఘం బైలాల ప్రకారమే జరగవలెను. ముందుగా బైలా తెరచి అర్హతలు ఏమున్నవో చదవండి. బీరువాలో ఉన్న బైలాల పుస్తకానికి దుమ్ము దులిపే సందర్భం ఇదే.

పేర్లు బల్ల మీదకు రాకముందే కొలత నిర్ణయించండి. లెక్కలకు ఎంత విలువ, అనుభవానికి ఎంత, సభ్యులతో నడవడికి ఎంత అని ఒక సమావేశంలో తీర్మానించి, దరఖాస్తులను తరువాతి సమావేశంలో చూడండి. పేర్లు తెలిసిన తరువాత కొలత పెడితే ఆ కొలత ఎవరో ఒకరి ఒంటికి సరిపోయే చొక్కా అవుతుంది. దరఖాస్తుదారుకు దగ్గరి బంధువైన పాలకవర్గ సభ్యుడు ఆ చర్చ జరిగేటప్పుడు బయటకు వెళ్ళాలి, వెళ్ళినట్లు మినిట్సులో రాయాలి. చిన్న ఊళ్ళో అందరూ బంధువులే అనే మాట మేము చాలాసార్లు విన్నాము. అందుకే రాయమంటున్నాము.

తీర్మానంలో కారణం రెండు వాక్యాలైనా ఉండాలి. పోస్టు రానివానిని నోటీసు అంటించకముందే పిలవాలి. ఈ పని గుమాస్తా చేతనో, వాచరు చేతనో చేయించవద్దు. అధ్యక్షుడు స్వయంగా, మరొక సభ్యుని పక్కన ఉంచుకుని చెప్పాలి. "నీ టెస్టు వల్ల సంఘానికి మేలు జరిగింది. లెక్కల అనుభవం లేనందువల్ల ఈసారి ఇవ్వలేకపోయాము" అని సూటిగా అంటే పది నిమిషాల పని. "పైనుంచి ఒత్తిడి వచ్చింది", "నాకు ఇష్టమే గాని మిగతావాళ్ళు ఒప్పుకోలేదు" అని అధ్యక్షుడు తప్పించుకుంటే, ఊళ్ళో రెండు వర్గాలు తయారవుతాయి. వచ్చేసారి నీకే అని చెప్పడం మరీ తప్పు. వచ్చేసారికి ఆ పాలకవర్గం ఉండదు.

పోస్టు రానివారికి

ఒక మహిళా పాల సంఘంలో ఇద్దరు దరఖాస్తు పెట్టారు. రానామె వారం రోజులు ఏమీ మాట్లాడలేదు. ఎనిమిదవ రోజున అధ్యక్షురాలి ఇంటికి పోయి "అక్కా, పోస్టు సంగతి అయిపోయింది. నాలో ఏం తక్కువైందో చెప్పు, మళ్ళీ తగువు పెట్టుకోను" అన్నది. అధ్యక్షురాలు మొదట తటపటాయించినా చివరకు చెప్పింది. నెలాఖరు లెక్క తేల్చడంలో ఆమె ఆలస్యం చేస్తుందని ముగ్గురు సభ్యులు అన్నారట. ఆమెకు అది నచ్చలేదు, పూర్తిగా నిజమూ కాదన్నది. కాని ఊహించుకుని కుమిలిపోవడం కంటే విన్నది నయం అని మాతో చెప్పింది.

ఆ వారం రోజుల ఆగడం ముఖ్యమని మేమంటాము. కోపం ఉన్న రోజుల్లో రాజీనామా రాయవద్దు. పాల కేంద్రం అరుగు మీద, టీ కొట్టు దగ్గర ఈ మాట ఎత్తవద్దు. ఓదార్చేవారు చాలామంది వస్తారు. వారిలో కొందరికి మీ మీద జాలి కంటే అధ్యక్షుని మీద పాత కక్ష ఎక్కువ. మా శాఖలోనూ ప్రమోషన్ల జాబితాలు వెలువడిన మర్నాడు ఇటువంటి ఓదార్పులు వినిపిస్తూనే ఉంటాయి. ఇంటివారితో చెప్పుకోండి, తప్పులేదు. మనసు కష్టపడలేదని నటించవలసిన పని కూడా లేదు.

అన్యాయం జరిగిందా, ఆశ నెరవేరలేదా అనే రెండింటిని వేరు చేసి చూసుకోవాలి. సమావేశానికి నోటీసు లేదు, కోరం లేదు, బైలాలో ఉన్న అర్హత లేనివారిని తీసుకున్నారు, బంధువు కూర్చుని ఓటు వేశాడు అన్నవి నిబంధనకు సంబంధించినవి. వాటిపై ముందు సంఘానికి, తరువాత పై అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. అది సంఘానికి ద్రోహం కాదు, నిజానికి మేలు. తేదీలు, తీర్మానం నంబరు రాయండి. విశేషణాలు వద్దు. ఇవేమీ లేకుండా, అర్హత ఉన్న ఇద్దరిలో ఒకరిని ఎంచుకున్నారంటే, అది పాలకవర్గం అధికారం. ఎంపిక మీకు నచ్చకపోవచ్చు, మాకూ నచ్చకపోవచ్చు. దానిమీద అర్జీలు పెట్టుకుంటూ పోతే ఏళ్ళు గడుస్తాయి.

కొత్తగా వచ్చిన కార్యదర్శితో ఎట్లా ఉండాలన్నది కష్టమైన విషయం. నిన్నటి వరకు పక్కపక్కన టీ తాగినవాడు ఇవాళ హాజరు పట్టీ తన వద్ద పెట్టుకుంటాడు. స్నేహం నటించవద్దు. పని మాట పని మాటగా ఉంచితే చాలు. తప్పు లెక్క కనిపిస్తే అతనితోనే ముందు చెప్పాలి, పాలకవర్గం దగ్గరకు పరుగెత్తవద్దు. టెస్టు బల్ల మాత్రం ఈ వ్యవహారానికి దూరంగా ఉండాలి. ఉదయం ఐదింటికి గిన్నె పట్టుకుని వచ్చిన ముసలమ్మ మీ దరఖాస్తును తిరస్కరించలేదు.

ఉన్నచోటనే ఉండిపోవాలని మేము అనడం లేదు. యూనియన్లలో ఫీల్డు పోస్టులు, బల్క్ కూలరు కేంద్రాల పోస్టులు అప్పుడప్పుడూ పడుతుంటాయి. కృత్రిమ గర్భోత్పత్తిలో శిక్షణ పొందినవారికి ఊళ్ళోనే పని ఉంటుంది. పదేళ్ళు గెర్బర్ టెస్టు చేసిన చెయ్యి ఎక్కడికైనా పనికివస్తుంది. వెళ్ళేవారు బాగా పనిచేసినట్లు సంఘం నుంచి సర్టిఫికెట్టు తీసుకుని వెళ్ళాలి, అది ఇవ్వడం పాలకవర్గం బాధ్యత.

పైన చెప్పిన టెస్టరు వెళ్ళలేదు. మేము ఉన్నప్పుడే పాలకవర్గం అతనిని పిలిచింది. రెండు కారణాలూ చెప్పారు. మొదటి కారణం విన్నప్పుడు అతను "ఆ మాట పదకొండేళ్ళలో ఒక్కసారైనా అనలేదే బాబాయ్" అన్నాడు. అధ్యక్షుడు జవాబు చెప్పలేదు. టెస్టు బాధ్యతకు ప్రత్యేక అలవెన్సు తీర్మానించారు. కార్యదర్శి సెలవు పెట్టిన రోజుల్లో క్యాష్ బుక్కు టెస్టరు రాయాలని, ఆ రోజు టెస్టు హెల్పరు నేర్చుకోవాలని కూడా రాసుకున్నారు. తరువాతి బిల్లుకు వెన్న శాతాలు పాత స్థాయికి వచ్చాయి. ప్రైవేటుకు పోయిన తొమ్మిది ఇళ్ళలో నాలుగు మాత్రం మా తదుపరి తనిఖీ నాటికి కూడా తిరిగి రాలేదు.

చివరగా ఒక చిన్న పని. ఇది చాలా సంఘాలలో మరచిపోతున్నారు. కార్యదర్శి మారినప్పుడు ఛార్జి పట్టీ రాస్తారు గాని టెస్టు సామాను అందులో ఒక్క పంక్తిలో తేల్చేస్తారు. అట్లా కాకుండా బ్యుటిరోమీటర్లు మంచివి ఎన్ని, పగిలినవి ఎన్ని, పిపెట్లు, లాక్టోమీటరు, థర్మామీటరు, ఆమ్లం, ఆల్కహాలు నిల్వ ఎంత, మెషీన్ చివరిసారి ఏ తేదీన సరిచూచారు అన్నవి విడిగా రాసి, పాత కార్యదర్శి, కొత్త కార్యదర్శి, టెస్టరు ముగ్గురూ సంతకం చేయాలి. పోస్టు రాని టెస్టరు మీద ఆరు నెలల తరువాత ఎవరైనా పగిలిన గొట్టాల లెక్క అడిగినప్పుడు ఆ కాగితం అతనికి పనికివస్తుంది.